చవకగా కొన్న పాత కారుకి 35 వేల ఎస్టిమేట్ 82 వేలైంది: ఇంకా పెట్టాలా, ఆపేయాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2012 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్‌ని లక్షా డెబ్బై వేలకు కొన్నారు. చెన్నై వేళచ్చేరిలో తెలిసిన మెకానిక్ చూసి 35 వేలు పెడితే బండి బాగుపడుతుందన్నాడు. క్లచ్, ముందు షాకబ్జార్బర్లు, బ్యాటరీ మార్చారు, ఏసీ గ్యాస్ పట్టించారు. ఇప్పటికే 82 వేలైంది. ఇప్పుడు కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గుతోంది, పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లపొగ వస్తోంది. ఇంజిన్ దించి హెడ్ (ఇంజిన్ పైభాగం) పని చేయాలి, ఇంకో 60 వేలవుతుందని అంటున్నాడు. అతను మోసం చేస్తున్నాడా, ఇంకా డబ్బు పెట్టాలా అన్నది మీ ప్రశ్న.

నేను చెన్నైలో పాడి వైపు చాలా ఏళ్లుగా కార్ల రిపేరు షెడ్డు నడుపుతున్నాను. మా దగ్గరికి వచ్చేవాటిలో సగానికి పైగా పదేళ్లు దాటిన బండ్లే. మీలాంటి కేసులు ప్రతి నెలా చూస్తుంటాను, కాబట్టి సూటిగా చెప్తాను.

ఇంజిన్ ఇప్పుడే దించనివ్వకండి. ముందు మూడు నాలుగు వేలు పెట్టి పరీక్షలు చేయించండి. ఆ ఫలితాలు చేతికొచ్చేదాకా ఒక్క బోల్టు కూడా విప్పనివ్వొద్దు. మెకానిక్ విషయానికొస్తే, మీరు రాసిన దాన్నిబట్టి అతను మోసగాడని నాకు అనిపించలేదు. కానీ పరీక్ష చేయకుండానే రోగం పేరు చెప్పేశాడు. అది వేరే సమస్య, దానికి మందు మీ చేతిలోనే ఉంది.

మొదట ఆ 35 వేలు 82 ఎందుకైందో అర్థం చేసుకోవాలి. లేకపోతే ఈ 60 వేలు కూడా లక్ష అవుతుంది.

పాత బండి అమ్మేవాడు, అమ్మాలని మనసులో అనుకున్న రోజు నుంచి దాని మీద ఖర్చు ఆపేస్తాడు. ఆయిల్ మార్పు వాయిదా పడుతుంది. కూలెంట్ తగ్గితే కుళాయి నీళ్లు పోస్తారు. టైర్లు ఇంకో ఆరు నెలలు లాగుతాయిలే అనుకుంటారు. ఏడాది, రెండేళ్లు అలా గడిచాక బండి మీ చేతికి వస్తుంది. ధర తక్కువగా ఉండటానికి సగం కారణం ఆ వాయిదా పడ్డ పనులే. మీరు లక్షా డెబ్బై ఇచ్చి కొన్నప్పుడు, వాళ్లు చేయించకుండా వదిలేసిన పనుల బిల్లు కూడా దాంతోపాటే తీసుకున్నారు. అది ఎంతో ఎవరూ రాసివ్వరు, అంతే.

రెండోది, మెకానిక్ మొదట చెప్పే ఎస్టిమేట్ పైకి కనబడేదాని మీదే ఉంటుంది. క్లచ్ జారుతోందంటే క్లచ్ సెట్ ధర చెప్తాడు. గేర్ బాక్స్ దించాక ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ కారుతున్నట్టు కనబడుతుంది. రిలీజ్ బేరింగ్ అరిగి ఉంటుంది, ఫ్లైవీల్ మీద కాలిన మచ్చలుంటాయి. గేర్ బాక్స్ దిగే ఉంది కాబట్టి ఇప్పుడే మార్చడం తెలివైన పని, మళ్లీ దించితే మళ్లీ కూలీ. అలా 12 వేల పని 20 వేలవుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ ఫోన్ చేసి "ఇది కనబడింది, ఇంత అవుతుంది, చేయమంటారా" అని అడగాలి. మీ మెకానిక్ అలా అడిగాడా లేదా అన్నదే అతని మీద నమ్మకానికి నా కొలత.

మూడోది చాలామందికి తెలియదు. పాత బండిలో ఒక భాగాన్ని కొత్తది చేస్తే, దాని పక్కనున్న బలహీనమైనది బయటపడుతుంది. పాత చీరకు గట్టి గుడ్డతో అతుకు వేస్తే పక్కన చిరుగుతుందే, అచ్చంగా అలాగే. రేడియేటర్ మూత కొత్తది పెట్టగానే సిస్టంలో ప్రెషర్ సరిగ్గా నిలబడుతుంది, దాంతో పాత రబ్బరు హోస్‌లు పగులుతాయి. హెడ్ పని చేసి కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే బలం) పెంచితే, కింద అరిగిపోయిన పిస్టన్ రింగులు తట్టుకోలేక ఆయిల్ తాగడం మొదలవుతుంది. మీ విషయంలో నా భయమంతా ఈ రెండో దాని గురించే. అందుకే పరీక్షలు అంటున్నాను.

ఇప్పుడు మీ బండి సంగతి. కూలెంట్ తగ్గడం, తెల్లపొగ రెండూ ఒకేసారి కనబడితే, హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు, అంటే "హెడ్ గ్యాస్కెట్ పోయింది" అనేస్తారు. అయి ఉండవచ్చు కూడా. కానీ అవి రెండు వేర్వేరు రోగాలై ఉండే అవకాశం బాగా ఉంది. డీజిల్ ఇంజిన్‌లో చల్లగా ఉన్నప్పుడు తెల్లపొగ వస్తే, అది కాలని డీజిల్ కావచ్చు. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ కారుతున్నా, చల్లటి ఇంజిన్‌ని వేడిచేసే గ్లో ప్లగ్ పనిచేయకపోయినా అలా వస్తుంది. ఆ పొగ కళ్లు మండిస్తుంది, డీజిల్ వాసన గట్టిగా కొడుతుంది, ఇంజిన్ వేడెక్కాక తగ్గిపోతుంది. కూలెంట్ కాలి వచ్చే పొగ అయితే కాస్త తీపి వాసనతో, ఆవిరిలా ఉంటుంది, వేడెక్కినా ఆగదు. రేపు పొద్దున సైలెన్సర్ దగ్గర కాస్త దూరంగా నిలబడి వాసన చూడండి. మన చెన్నైలో చలికి పొగ వచ్చిందనే మాట చెల్లదు, ఇక్కడ అంత చలి లేదు.

కూలెంట్ తగ్గడానికి కూడా హెడ్ గ్యాస్కెట్ ఒక్కటే కారణం కాదు. వాటర్ పంపు సీల్ అరిగితే దాని కింద చిన్న రంధ్రం నుంచి చుక్కలు కారతాయి, అవి వేడి ఇంజిన్ మీద పడి ఆరిపోతాయి కాబట్టి నేల మీద కనబడవు. రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అతుకు దగ్గర సన్నగా చీలుతుంది. హీటర్ కోర్ కారితే ముందు సీట్ల దగ్గర కాళ్ల కింద కార్పెట్ తడిగా ఉంటుంది. డీజిల్ బండ్లలో ఈజీఆర్ కూలర్ అనే భాగం ఉంటుంది. పొగను చల్లబరచడానికి దాంట్లో కూలెంట్ తిరుగుతుంది. అది లోపల చిల్లుపడితే కూలెంట్ ఇంజిన్‌లోకి వెళ్లి తెల్లపొగగా బయటికొస్తుంది, అచ్చం హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే ఉంటుంది. కొన్ని ఇంజిన్లలో అసలు హెడ్ ముట్టుకోకుండానే దాన్ని మార్చవచ్చు. హెడ్ ఎత్తి, గ్యాస్కెట్ మార్చి, మళ్లీ బిగించాక కూడా పొగ ఆగని బండ్లు వేరే చోట్ల నుంచి మా షెడ్డుకు వచ్చాయి. చూస్తే ఈజీఆర్ కూలర్. ఆ యజమానుల డబ్బు వృథా కావడం చూస్తే బాధేస్తుంది.

చేయించాల్సిన పరీక్షలు ఇవి:

కూలింగ్ సిస్టం ప్రెషర్ పరీక్ష. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చేతి పంపు బిగిస్తారు. మూత మీద రాసిన ప్రెషర్ దాకా, సాధారణంగా ఒక బార్‌కి అటూ ఇటూ, గాలి ఎక్కించి మీటరు ముల్లుని పావుగంట చూస్తారు. ముల్లు దిగిపోతుంటే లీకు ఉన్నట్టు. ఎక్కడ తడి కనబడితే అక్కడే. బయట ఎక్కడా తడి లేకుండా ముల్లు దిగితే లోపల కారుతోందని అర్థం. మూతను కూడా విడిగా పరీక్షించమనండి. దాని స్ప్రింగ్ బలహీనపడితే ప్రెషర్ నిలవదు, కూలెంట్ తక్కువ వేడికే మరిగి పొంగిపోతుంది. కొన్ని వందల రూపాయల మూతకు వేల రూపాయల పని చేయించుకున్నవాళ్లున్నారు.

బ్లాక్ టెస్టర్. కూలెంట్ ట్యాంకు మూతి మీద నీలి ద్రవం ఉన్న గాజు గొట్టం పెట్టి ఇంజిన్ నడుపుతారు. ఇంజిన్‌లో మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే ద్రవం రంగు మారుతుంది. మారితే హెడ్ గ్యాస్కెట్ కానీ, హెడ్‌లో పగులు కానీ దాదాపు ఖాయం.

కంప్రెషన్ పరీక్ష. డీజిల్ ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే ప్రతి సిలిండర్‌లోనూ 300 పీఎస్‌ఐకి (ప్రెషర్ కొలత) బాగా పైన చూపిస్తుంది. అంకె ఎంతన్నదాని కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు మాత్రమే తక్కువ చూపిస్తే వాటి మధ్య గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. అన్నీ తక్కువ చూపిస్తే ఇంజిన్ మొత్తం అరిగిందని అర్థం, అప్పుడు హెడ్ పని చేయించినా ప్రయోజనం లేదు. మీ నిర్ణయం ఎక్కువగా ఈ పరీక్ష మీదే ఆధారపడి ఉంటుంది.

ఇంజెక్టర్ లీక్ బ్యాక్. ప్రతి ఇంజెక్టర్ రిటర్న్ పైపుకి చిన్న సీసా తగిలించి, ఇంజిన్ కొద్ది నిమిషాలు నడుపుతారు. ఏ సీసా మిగతావాటి కన్నా త్వరగా నిండితే ఆ ఇంజెక్టర్ అరిగింది. ఇంజిన్ డీజిల్ పంపులు బాగుచేసే షాపుల్లో ఇది చేస్తారు, పాడి, అంబత్తూరు, గిండీ వైపు చాలానే ఉన్నాయి.

వీటితో పాటు బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టించండి. ఎర్రర్ కోడ్లు ఈమధ్యే చెరిపేసి ఉంటే అది కూడా స్కానర్‌లో తెలియవచ్చు. అమ్మిన రోజున చెక్ ఇంజిన్ లైటు ఆరి ఉండటానికి కారణం అదే అయి ఉండవచ్చు.

పరీక్షల్లో హెడ్ గ్యాస్కెట్ అనే తేలితే, మెకానిక్‌ని ఒక ప్రశ్న అడగండి: ఇంజిన్ మొత్తం ఎందుకు దించాలి? హెడ్ ఎత్తడానికి చాలా బండ్లలో ఇంజిన్ దించనక్కర్లేదు. కింద భాగం కూడా చూడాలంటేనో, మీ మోడల్‌లో చోటు లేకపోతేనో దించాలి. ఆయన చెప్పే కారణం మీకు అర్థమయ్యేలా ఉండాలి. హెడ్ పనికి ఎస్టిమేట్ రాయించుకునేటప్పుడు గ్యాస్కెట్ సెట్ ఒక్కటే రాస్తే నమ్మకండి. అల్యూమినియం హెడ్ వేడికి వంగి ఉంటే లేత్ షాపులో ఫేసింగ్ (చదును) చేయించాలి, పగులు ఉందేమో ప్రెషర్ పెట్టి చూడాలి. చాలా ఇంజిన్లలో హెడ్ బోల్టులు ఒకసారి బిగించాక సాగుతాయి, మళ్లీ వాడకూడదు, కొత్త సెట్ కొనాల్సిందే. డీజిల్‌లో గ్యాస్కెట్ మందాలు రెండు మూడు రకాలుంటాయి, పిస్టన్ ఎంత పైకి వస్తోందో కొలిచి సరైనది వేయాలి. టైమింగ్ చెయిన్ (కొన్ని ఇంజిన్లలో బెల్టు) ఎలాగూ విప్పుతారు కాబట్టి అది సాగి ఉంటే ఇప్పుడే మార్చాలి. ఆయిల్, ఫిల్టర్, కొత్త కూలెంట్ సరేసరి. ఇవన్నీ ముందే కాగితం మీద ఉంటే తర్వాత గుండె ఆగే బిల్లు రాదు. జీఎస్టీ కలిపా, విడిగానా అన్నది కూడా అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి బండి విడిభాగాలన్నిటి మీదా 18 శాతమే. ఎవరైనా ఇంకా 28 అని లెక్క వేస్తుంటే అడిగే హక్కు మీకుంది.

ఇక పెట్టాలా వద్దా అన్న లెక్క. మీరు ఇప్పటిదాకా పెట్టిన రెండు లక్షల యాభై రెండు వేలను పక్కన పెట్టండి. బండి అమ్మినా, బాగుచేయించినా ఆ డబ్బు తిరిగి రాదు. మీకు కావలసినవి రెండు అంకెలే. ఈ బండిని ఉన్నది ఉన్నట్టు అమ్మితే ఎంతొస్తుంది? పూర్తిగా బాగున్న ఇదే మోడల్, ఇదే ఏడాది బండి చెన్నైలో ఎంతకు దొరుకుతుంది? ఉదాహరణకి మొదటిది లక్షా పది, రెండోది రెండు లక్షల ఇరవై అనుకుందాం. తేడా లక్షా పది. రాబోయే రిపేరు మొత్తం ఆ తేడా కన్నా బాగా తక్కువలో తేలితేనే పెట్టండి. 60 వేలు అయితే సరే. పరీక్షల తర్వాత అది 95 వేలు అంటే, నా దగ్గరైతే ఆపేయమంటాను. ఎందుకంటే చివరిదాకా వచ్చేసరికి ఇంకో పది పదిహేను వేలు ఖాయంగా పెరుగుతుంది.

ఇందులో ఇంకో విషయం కలపాలి. మీ బండి 2012ది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు, అంటే 2027లో ముగుస్తుంది. అప్పుడు ఫిట్‌నెస్ చూపించి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్లకు ఆ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలైంది. తమిళనాడులో గ్రీన్ ట్యాక్స్ కూడా కట్టాలి. డబ్బు పెద్దది కాదు, కానీ పొగ ఎక్కువైనా, అడుగు భాగం తుప్పు పట్టినా ఫిట్‌నెస్ దగ్గర ఇబ్బందే. కాబట్టి ఇంజిన్ మీద డబ్బు పెట్టే ముందు బండిని లిఫ్ట్ మీద ఎత్తించి కింద చూడండి.

కింద చూడమన్నానంటే ఊరికే అనలేదు. చెన్నైలో పాత బండికి రెండు ప్రత్యేకమైన జబ్బులున్నాయి. ఒకటి ఉప్పు గాలి. తిరువాన్మియూరు, నీలాంకరై, ఈసీఆర్ (తీరం వెంబడి వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) పక్కన ఏళ్ల తరబడి బయట నిలబడిన బండ్లకు బ్రేక్ పైపులు, సస్పెన్షన్ బోల్టులు, ఏసీ కండెన్సర్ ముందుగా పోతాయి. అలాంటి బండికి లోయర్ ఆర్మ్ బుష్ (సస్పెన్షన్‌లోని రబ్బరు ముక్క) మార్చడం గంట పనిగా మొదలై, బోల్టు ఇరిగి, వెల్డింగ్ పెట్టి తీసేసరికి ఒక పూటంతా పడుతుంది. ఆ కూలీ ఏ ఎస్టిమేట్‌లోనూ ఉండదు.

రెండోది వరద నీళ్లు. 2015 డిసెంబర్‌లో, మళ్లీ 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానప్పుడు ఎన్నో బండ్లు మునిగాయి. మీ బండి రెండిటి కాలంలోనూ రోడ్డు మీద ఉంది, పైగా వేళచ్చేరి, పళ్లికరణై, ముడిచ్చూరు లాంటి చోట్ల నిలబడి ఉంటే అనుమానించాల్సిందే. మా దగ్గరికి ఒక పెట్రోల్ సెడాన్ వచ్చింది, లోపల సెంటు కొట్టి మెరుస్తోంది. మొదట ఒక పవర్ విండో, తర్వాత సెంట్రల్ లాక్, తర్వాత ఎయిర్‌బ్యాగ్ లైటు. ప్రతిసారీ రెండు మూడు వేలు. చివరికి కార్పెట్ ఎత్తితే కింద ఎండిన ఒండ్రుమట్టి, వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి చిలుము. వైరింగ్ మొత్తం మార్చితే బండి ధర దాటుతుంది. కొన్నతనికి నేను ఇచ్చిన సలహా, ఇంకేమీ మార్చకుండా, కొనేవాడికి ఉన్న సంగతి చెప్పి, వచ్చిన ధరకు వదిలేయమని. అతను అదే చేశాడు.

మీరు చూసుకోవాల్సింది: సీటు బెల్టు చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద గీత ఉందేమో. సీటు పట్టాల కింద తుప్పు, స్టెప్నీ గుంటలో మట్టి, హెడ్‌లైట్ల లోపల తేమ మచ్చ. వీటిలో రెండు కనబడినా ఇంజిన్ ఖర్చు పెట్టకండి. నీళ్లు ఇంజిన్‌లోకి లాగిన బండిలో పిస్టన్‌ని పట్టుకునే కనెక్టింగ్ రాడ్ వంగి, ఏళ్ల తర్వాత కూడా తంటా తెస్తుంది.

ఏసీ గురించి ఒక మాట. లీకు ఎక్కడుందో చూడకుండా గ్యాస్ పట్టించి ఉంటే, రెండు నెలల్లో మళ్లీ పోతుంది. గ్యాస్ దానంతటది తరగదు. మళ్లీ చల్లదనం తగ్గితే నైట్రోజన్ పెట్టి లీకు పట్టమనండి. కారేది కూలింగ్ కాయిల్ అయితే డాష్‌బోర్డు విప్పాలి, కాయిల్ ధర కన్నా కూలీ ఎక్కువవుతుంది. దాన్ని చివరికి ఉంచండి. మే నెల వస్తోందని తొందరపడి ఇంజిన్ కన్నా ముందు ఏసీ మీద పెట్టేవాళ్లను చూస్తుంటాను, వద్దు.

విడిభాగాలు మీరే కొంటానంటే, కొత్తవి మౌంట్ రోడ్డు దగ్గర జీపీ రోడ్డులో, పాతవి పుదుపేటలో. పుదుపేటలో తలుపులు, అద్దాలు, లైట్లు, బంపర్లు, అద్దం మోటార్లు ధైర్యంగా కొనవచ్చు, తీసేసిన పాత భాగాన్ని చేత్తో పట్టుకెళ్లి పోల్చి చూసుకోండి. బ్రేకు సామాను, టై రాడ్లు, వాటర్ పంపు, ఎయిర్‌బ్యాగ్, రబ్బరుతో చేసినవేవీ పాతవి కొనకండి. పరీక్షల్లో ఇంజిన్ అరిగిందని తేలితే "పుదుపేటలో పాత ఇంజిన్ పట్టుకొచ్చి వేసేద్దాం" అనేవాళ్లు ఎదురవుతారు. ఇంజిన్ నంబర్ ఆర్‌సీలో రాసి ఉంటుంది. ఇంజిన్ మారితే ఆర్టీఓ అనుమతి తీసుకుని ఆర్‌సీలో మార్పించాలి, పాత ఇంజిన్ ఎక్కడి నుంచి వచ్చిందో కాగితాలు కావాలి. అవి లేని ఇంజిన్ దొంగ బండిదైతే మీరు పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి.

మెకానిక్‌తో గొడవ పడకండి, పద్ధతి మార్చండి. సామాను, కూలీ వేర్వేరుగా రాయించండి. "ఐదు వేలు దాటే కొత్త పని కనబడితే నాకు ఫోటో పంపి, నేను సరే అన్నాకే చేయండి" అని చెప్పండి. తీసేసిన పాత భాగాలన్నీ ఇవ్వమనండి. నిజాయితీ ఉన్న మెకానిక్ దీనికి నొచ్చుకోడు. మా షెడ్డులో ఇలా రాసుకుని పని చేసిన వాళ్లతో నాకు ఎప్పుడూ మాట తేడా రాలేదు. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒక కుటుంబం ఇలాగే పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ తెచ్చి, మొదటిరోజే గరిష్ఠంగా ఇంతే పెడతామని అంకె చెప్పారు. బ్రేకులు, టైర్లు, కూలింగ్ ముందు చేశాం. టింకరింగ్, పెయింటు జోలికి పోలేదు. డోరు మీద సొట్ట ఇప్పటికీ ఉంది, బండి మాత్రం తిరుపతికి వెళ్లొస్తూనే ఉంది.

మీరు టైర్ల గురించి రాయలేదు. పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైనవి. గాట్లు బాగున్నా ఆరేడేళ్లు దాటితే రబ్బరు గట్టిపడుతుంది, వానలో బ్రేకు పట్టదు. అవి కూడా మార్చాల్సినవైతే వాటికయ్యే పాతిక వేలు కూడా పైన చెప్పిన రిపేరు లెక్కలోకి వస్తాయి.

బండిని ముందురోజు రాత్రే షెడ్డులో వదిలేయండి. కూలింగ్ ప్రెషర్, పొగ రెండూ పొద్దున ఇంజిన్ చల్లగా ఉండగానే చూడాలి, మీరు నడిపి తీసుకెళ్తే సగం లక్షణాలు మాయమవుతాయి. కంప్రెషన్ అంకెలు సిలిండర్ల వారీగా, బ్లాక్ టెస్టర్‌లో రంగు మారిందో లేదో, సీసాల్లో డీజిల్ ఎంతెంత వచ్చిందో ఇక్కడ రాయండి. వీలైతే కింది నుంచి తీసిన ఫోటోలు కూడా పెట్టండి. అవి చూసి హెడ్ ఎత్తాలో, బండి అమ్మేయాలో చెప్తాను.